నకలు వేరు, నకిలీ వేరు

ఇంట్లో కట్టుకున్న కారుకు అమెరికాలో కాగితాలు ఎలా పుడతాయి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దల మాట. దిగితేగాని ఆ పనుల లోతు తెలియదని దాని అర్థం. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల కోసం ఈ సామెతకు ఇంకో ముక్క చేర్చవచ్చు: కారు కట్టి చూడు.

కొనడం కాదు, కట్టడమే. అమెరికాలో మీరు మీ ఇంటి గరాజ్‌లో, మీ చేతులతో కారు తయారు చేసుకోవచ్చు. దానికి నంబర్ ప్లేటు తెచ్చుకుని రోడ్డు మీద నడపవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. అయితే స్పానర్ పట్టడం వస్తే చాలదు, కలం పట్టడం కూడా రావాలి. ఇంజన్ బిగించడం సులువే, ఫారాలు నింపడమే కష్టం అనేవాళ్లు చాలామంది.

ఈ వ్యాసం ఆ కాగితాల గురించి. ముందుగా రెండు తెలుగు మాటలు గుర్తు పెట్టుకోండి: నకలు, నకిలీ. రెండూ ఒకే అరబ్బీ మూలం నుంచి మన భాషలోకి వచ్చాయి. అర్థాలు మాత్రం వేరు. నకలు అంటే ఒకదాన్ని చూసి చేసిన మరొకటి. ఆఫీసులో మీ జనన ధ్రువపత్రానికి నకలు ఇస్తారు. అందులో తప్పు లేదు. నకిలీ అంటే దొంగది. నకిలీ నోటు, నకిలీ మందు అంటాం. అసలుదని నమ్మించి మోసం చేసేది నకిలీ. మీరు కట్టిన కారు ఈ రెండింటిలో ఏదవుతుంది? అది కారు రూపాన్ని బట్టి ఉండదు, కాగితం మీద మీరు రాయించిన మాటను బట్టి ఉంటుంది.

ఏ కారుకు నకలు?

అమెరికాలో ఎక్కువగా నకలు తీసే కార్లలో కోబ్రా ఒకటి. దాని కథ చిన్నది. కారోల్ షెల్బీ అనే టెక్సాస్ రేసర్ 1959లో ఫ్రాన్స్‌లో లె మాన్ పందెం గెలిచాడు. గుండె జబ్బు వల్ల తర్వాత పందేలు మానుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఏసీ అనే కంపెనీ తేలికైన రెండు సీట్ల కారు చేసేది. అందులో అమెరికా ఫోర్డ్ కంపెనీ పెద్ద ఇంజన్ పెడితే ఎలా ఉంటుందని షెల్బీ ఆలోచించాడు. 1962లో మొదటి కోబ్రా తయారైంది. 1965 నాటికి అందులోకి 427 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే సుమారు 7 లీటర్ల ఇంజన్ వచ్చింది.

ఆ రోజుల్లో తయారైన కోబ్రాలు మొత్తం సుమారు వెయ్యి. ఇప్పుడు వాటి ధర మామూలు మనిషికి అందదు. మొట్టమొదటి కోబ్రా 2016లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అందుకే ఆశ ఉన్నవాళ్లు నకలు కట్టుకుంటారు.

కట్టుకోవడానికి కావలసిన భాగాలను పెట్టెల్లో పెట్టి అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఆ భాగాల మొత్తాన్ని కిట్ అంటారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేర్‌హామ్ ఊళ్లో ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ అనే కంపెనీ 1995లో మొదలైంది. వాళ్లు ఛాసిస్, అంటే కారు ఇనుప అస్థిపంజరం, ఇస్తారు. పై తొడుగు ఇస్తారు. ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు మీరు తెచ్చుకోవాలి. రంగు మీరు వేయించుకోవాలి.

మన దక్షిణాఫ్రికా పాఠకులకు ఒక విశేషం. సూపర్‌ఫార్మెన్స్ పేరుతో అమెరికాలో అమ్ముడయ్యే కోబ్రా నకళ్లు మీ దేశంలోనే, ఒకప్పుడు పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన గెబెహాలో తయారవుతాయి. రంగు వేసి, సీట్లు బిగించి, ఇంజన్, గేర్‌బాక్స్ మాత్రం పెట్టకుండా ఓడ ఎక్కిస్తారు. ఇంజన్ ఎందుకు పెట్టరు? పూర్తిగా తయారైన కొత్త కారును అమెరికాలో అమ్మాలంటే, ఆ దేశపు భద్రతా నియమాలన్నీ తయారీదారు పాటించాలి. ఇంజన్ లేనిది ఇంకా మోటారు వాహనం కాదు. ఇంజన్ బిగించిన రోజే అది కారుగా పుడుతుంది. ఆ పుట్టుకకు బాధ్యత బిగించినవాళ్లది.

రెండు కాగితాలు, రెండు పనులు

కొత్తగా వచ్చినవాళ్లు టైటిల్‌ను, రిజిస్ట్రేషన్‌ను ఒకటే అనుకుంటారు. రెండూ వేరు.

టైటిల్ అంటే యాజమాన్య పత్రం. ఈ వస్తువు ఏమిటి, ఇది ఎవరిది అన్న ప్రశ్నలకు అది జవాబు. పొలానికి పట్టా ఎలాంటిదో కారుకు టైటిల్ అలాంటిది. అమ్మినప్పుడు చేతులు మారేది ఇదే. రిజిస్ట్రేషన్ అంటే రోడ్డు మీద తిరగడానికి అనుమతి. అది గడువుతో వస్తుంది. గడువు తీరాక డబ్బు కట్టి మళ్లీ తీసుకోవాలి. నంబర్ ప్లేటు దీనికి సంబంధించినది.

ఈ రెండింటినీ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, మీరు ఉంటున్న రాష్ట్రం. అందుకే ఒక రాష్ట్రంలో స్నేహితుడు చెప్పిన పద్ధతి ఇంకో రాష్ట్రంలో పనికిరాదు. చాలా రాష్ట్రాల్లో ఈ పని చేసే ఆఫీసును డీఎంవీ అంటారు.

షాపులో కొన్న కారుకు కాగితాలు కంపెనీ నుంచే మొదలవుతాయి. తయారీదారు ఒక మూల ధ్రువపత్రం ఇస్తాడు. ఫలానా నంబరు బండిని మేమే తయారు చేశాం అని అందులో ఉంటుంది. దాన్ని చూసి రాష్ట్రం టైటిల్ ఇస్తుంది. మీరు కట్టిన కారుకు తయారీదారు ఎవరు? మీరే. కిట్ కంపెనీ ఇచ్చే మూల ధ్రువపత్రం ఆ కిట్ వరకే సాక్ష్యం. మిగతా సాక్ష్యం మీరు చూపించాలి.

మొదటి రోజు నుంచే ఫైలు

పెట్టెలు ఇంటికి వచ్చిన రోజునే ఒక ఫైలు తెరవండి. అందులో ఇవి ఉండాలి: కిట్ ఇన్వాయిస్, కిట్ మూల ధ్రువపత్రం, ఇంజన్ కొన్న రసీదు, గేర్‌బాక్స్ కొన్న రసీదు, వెనక ఇరుసు ఎక్కడిదో చెప్పే రసీదు. పాత కారు నుంచి భాగాలు తీసుకుంటే, ఆ పాత కారు టైటిల్ గానీ అమ్మకపు పత్రం గానీ ఉండాలి. తుక్కు దుకాణంలో కొన్నా సరే, రసీదు అడిగి తీసుకోండి. రసీదు మీద అమ్మినవాళ్ల పేరు, తేదీ, వస్తువు పేరు, నంబరు ఉంటే దాన్ని కూడా రాయించుకోండి.

ఎందుకింత పట్టింపు? పాత ఇంజన్ల మీద, గేర్‌బాక్సుల మీద నంబర్లు చెక్కి ఉంటాయి. దొంగిలించిన కార్లను ముక్కలు చేసి అమ్మే ముఠాలు ఉన్నాయి. మీ కారులో దొంగ సొత్తు లేదని అధికారికి నమ్మకం కలిగించేవి ఈ రసీదులే. మీరు ఏ పాపం ఎరుగకపోయినా, దొంగ ఇంజన్ అని తేలితే దాన్ని అసలు యజమానికి అప్పగించాల్సి రావచ్చు.

కట్టేటప్పుడు ఫొటోలు కూడా తీయండి. ఖాళీ ఛాసిస్, ఇంజన్ దించుతున్న రోజు, తీగలు కలుపుతున్న రోజు. అన్ని చోట్లా వాటిని అడగరు. అడిగిన చోట మాత్రం వందల గంటల పనికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు.

కాలిఫోర్నియా దారి

ఫిజీ నుంచి వచ్చిన మన కుటుంబాలు చాలా శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టో ప్రాంతాల్లో ఉన్నాయి. కాబట్టి కాలిఫోర్నియా పద్ధతిని కాస్త వివరంగా చూద్దాం.

అక్కడ ఇంట్లో కట్టిన కారును ప్రత్యేకంగా నిర్మించిన వాహనం అంటారు. మొదట డీఎంవీ ఆఫీసుకు వెళ్లి టైటిల్ కోసం దరఖాస్తు ఇవ్వాలి. దానితో పాటు నిర్మాణ ప్రకటన అనే ఫారం నింపాలి. ఈ కారును నేను కట్టాను, ఇంజన్ ఇక్కడిది, ఛాసిస్ ఇక్కడిది, విలువ ఇంత అని అందులో రాసి సంతకం పెడతారు. ఈ సంతకం చిన్న విషయం కాదు. అబద్ధం రాస్తే నేరం అవుతుంది. మీ ఫైలులోని రసీదులు ఇక్కడ పనికి వస్తాయి. భాగాలు కొన్నప్పుడు పన్ను కట్టకపోతే దాన్ని కూడా ఇప్పుడు కట్టాలి.

తర్వాత తనిఖీలు. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ అధికారి కారును, రసీదులను పక్కపక్కన పెట్టి చూస్తాడు. నంబర్లు సరిపోతున్నాయా, చెరిపిన గుర్తులు ఉన్నాయా అని పరిశీలిస్తాడు. అవసరమైతే కారుకు కొత్త గుర్తింపు సంఖ్య ఇస్తారు. బ్రేకులు, దీపాలు సరిగా ఉన్నాయని లైసెన్సు ఉన్న తనిఖీ కేంద్రం నుంచి ధ్రువపత్రం తేవాలి. ఈ తనిఖీలకు కారును ట్రైలర్ మీద తీసుకువెళ్లవచ్చు, లేదా తాత్కాలిక అనుమతి తీసుకుని నడుపుకుంటూ వెళ్లవచ్చు.

గుర్తింపు సంఖ్య అన్నాను కదా. దాన్ని విన్ అంటారు. 1981 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకు 17 అక్షరాలు, అంకెలు కలిసిన సంఖ్య ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వాడరు. అవి ఒకటి, సున్నా అంకెల్లా కనిపిస్తాయి కాబట్టి. ఒక కారు విన్ పలకను ఊడదీసి ఇంకో కారుకు బిగించడం పెద్ద నేరం. పాత కోబ్రా పలక ఎవరైనా అమ్ముతామంటే అటువైపు చూడకండి.

ఏడాదికి ఐదు వందలు

ఇప్పుడు అసలు చిక్కు: పొగ పరీక్ష. కాలిఫోర్నియాలో కార్ల పొగకు కఠినమైన నియమాలు ఉన్నాయి. ఈ ఏడాది కట్టిన కారును ఈ ఏడాది నియమాలతో కొలిస్తే, అరవైల నాటి ఇంజన్‌ను పోలిన ఇంజన్ గట్టెక్కడం చాలా కష్టం. అలాగని కారును 1965లో చేశామని రాయలేం. అది అబద్ధం.

ఈ చిక్కుకు శాసనసభ ఒక పరిష్కారం చూపింది. 2001లో ఆమోదించిన ఎస్‌బీ 100 అనే చట్టం ప్రకారం, ప్రతి ఏడాది మొదటి 500 కార్లకు ఒక వెసులుబాటు ఉంది. డీఎంవీ వాటికి వరుస సంఖ్య పత్రం ఇస్తుంది. ఆ పత్రం దొరికిన యజమాని కారును రాష్ట్రం నియమించిన రెఫరీ దగ్గరికి తీసుకువెళ్తాడు. ఆటల్లో రెఫరీ ఎలా తీర్పు చెబుతాడో ఇక్కడా అంతే. కారు పై రూపం ఏ ఏడాది కారును పోలి ఉంది? ఇంజన్ ఏ ఏడాది ఇంజన్‌ను పోలి ఉంది? ఈ రెండింటిలో ఏ ఏడాది నియమాలు కావాలో యజమాని ఎంచుకోవచ్చు. ఏ పాత కారునూ పోలని రూపమైతే 1960 కింద లెక్క వేస్తారు.

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు మామూలుగా పొగ పరీక్ష లేదు. 1965 రూపం ఎంచుకున్న కోబ్రా నకలుకు అలా దారి దొరుకుతుంది. 500 దాటితే వచ్చే ఏడాది దాకా ఆగాలి. అందుకే జనవరి మొదటి పనిదినాన పొద్దున్నే కొందరు డీఎంవీ తలుపు ముందు వరుస కడతారు.

ఇందులోని నీతి గమనించండి. 1965 అన్న ఏడాది పొగ లెక్క కోసమే. కారు 1965లో పుట్టిందని ఎవరూ అనడం లేదు. టైటిల్ మీద తయారీ పేరు దగ్గర షెల్బీ అనో ఫోర్డ్ అనో కాకుండా, ప్రత్యేకంగా నిర్మించినది అనే గుర్తు ఉంటుంది. పోలిక పోలికగానే ఉంది, పుట్టుక పుట్టుకగానే ఉంది.

మిగతా రాష్ట్రాలు, కేంద్రం

వేరే రాష్ట్రాల్లో దారులు వేరు. కొన్ని రాష్ట్రాలు కారు ఏ ఏడాది రూపాన్ని పోలి ఉందో ఆ ఏడాదినే టైటిల్ మీద రాస్తాయి, పక్కనే రెప్లికా అన్న మాట చేరుస్తాయి. ఇంకొన్ని కట్టిన ఏడాదినే రాస్తాయి. ఫ్లోరిడా చట్టంలో కిట్ కారు, రెప్లికా, భాగాలతో కూర్చినది అనే మాటలకు విడివిడిగా నిర్వచనాలు ఉన్నాయి. టైటిల్ మీద ఆ మాట ముద్ర పడకుండా అలాంటి కారును అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం. కిట్ కొనడానికి ముందే మీ రాష్ట్రం ఆఫీసులో అడగండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నియమాలు తెలుసుకోకుండా నంబర్ ప్లేటు మీద ఏం రాయించాలో ఆలోచించకండి.

సొంతంగా కట్టుకునే ఓపిక లేనివాళ్ల కోసం కేంద్రం కూడా ఒక తలుపు తెరిచింది. 2015 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం చిన్న తయారీ కంపెనీలకు ఏడాదికి 325 పూర్తి నకలు కార్లు అమ్మే వీలు ఇచ్చింది. ఆ కారు కనీసం 25 ఏళ్ల కిందటి కారును పోలి ఉండాలి. పాత కార్లకు లేని భద్రతా పరికరాలు వీటిలో ఉండనక్కరలేదు. పొగ నియమాలు మాత్రం నేటివే పాటించాలి. దీనికి నియమాలు రాసి ప్రకటించడానికి ప్రభుత్వానికి చాలా ఏళ్లు పట్టింది. కలం పని అక్కడా నెమ్మదే!

అబద్ధం ఖరీదు

అడ్డదారి తొక్కినవాళ్లు లేరా? ఉన్నారు. కాలిఫోర్నియాలో కొందరు తమ కోబ్రా నకలును 1965 ఫోర్డ్ అని రాయించుకున్నారు. పొగ పరీక్ష తప్పింది. విలువ తక్కువ చూపించడంతో పన్ను కూడా తగ్గింది. కొన్నాళ్లకు రాష్ట్రం ఆరా తీయడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ కార్లు కొన్నవాళ్లకు కూడా నిద్ర పట్టలేదు. తాము రాయని అబద్ధం తమ పేరు మీద ఉంది.

చివరికి రాష్ట్రం 2011 జూలై 1 నుంచి 2012 జూన్ 30 వరకు ఒక క్షమాభిక్ష గడువు ఇచ్చింది. బాకీ పన్నులు, రుసుములు కట్టి, కాగితాల్లో నిజం రాయించుకుంటే శిక్ష ఉండదని చెప్పింది. అలాంటి గడువు ఎప్పుడూ దొరుకుతుందని అనుకోవద్దు.

కాబట్టి మీరు ఎవరో కట్టిన నకలు కారు కొంటుంటే, ముందు ఇంజన్ మోత వినకండి, టైటిల్ చదవండి. తయారీ పేరు ఏముంది? ఏడాది ఏముంది? కాగితం మీది సంఖ్య, కారు మీది సంఖ్య ఒకటేనా? కాగితం 1965 అని, ఛాసిస్ నిన్నమొన్నటిదని తేలితే అక్కడే ఆగండి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కూడా ఇది నకలు అని చెప్పి, విలువ ఎంతో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ప్రమాదం జరిగిన తర్వాత, కాగితంలో ఒకటి, కారులో ఒకటి ఉంటే వాదన మొదలవుతుంది.

మనకు తెలిసిన సంగతే

కాగితంలో ఏం రాశారన్నది తరాలను వెంటాడుతుందని మన కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి దర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలు, 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్లిన ఓడల దాకా, మన ముత్తాతల వివరాలు పత్రాల మీద రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు. అగ్రిమెంట్ అనే మాట నోళ్లలో నలిగి గిర్మిట్ అయింది. నాయుడు అనే పేరు దక్షిణాఫ్రికాలో నాయ్‌డూ అయింది. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, మనుమలు అదే మోశారు.

మనిషికీ యంత్రానికీ పోలిక లేదు. కాగితానికీ కాగితానికీ ఉంది. మారిషస్‌లోని మోకాలో, మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస పత్రాలను వెతికిన కుటుంబాలకు తెలుసు: సరిగ్గా రాసిన ఒక్క ఊరి పేరు దొరికితే ఇంటి దారి దొరికినట్టే. తప్పుగా రాసిన పేరు ఉంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. ఆనాడు మనవాళ్ల చేతిలో కలం లేదు. నిర్మాణ ప్రకటన ఫారం ముందు కూర్చున్నప్పుడు కలం మీ చేతిలోనే ఉంటుంది.

కారు ఎక్కడ పుట్టిందో, ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు కట్టారో ఉన్నది ఉన్నట్టు రాయండి. దక్షిణాఫ్రికా ఛాసిస్, మిషిగన్ ఇంజన్, శాక్రమెంటో గరాజ్ అని రాయడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. నాలుగు చోట్ల నుంచి వచ్చినవి కలిసి ఒకటైనంత మాత్రాన అది తక్కువది కాదు. తయారీదారు అన్న చోట మీ పేరు రాసేటప్పుడు, అక్షరాలు సరిగా పడ్డాయో లేదో రెండుసార్లు చూసుకోండి. ఎప్పుడైనా ఆ కారు మీ పిల్లలకు ఇస్తే, తాళంచెవితో పాటు ఆ ఫైలు కూడా ఇవ్వండి.